విజయ మందు వాడే ముందు



గంజాయి అనే మాట ఆడవాళ్ళ కార్యక్రమంలో ఎత్తవచ్చునా అని మొదట నేనే సంకోచించాను. ఆ మాట వింటే మనకు గుర్తొచ్చేది పోలీసులు, చెడిపోతున్న కాలేజీ పిల్లలు, చిలుము పీల్చే బైరాగులు. కాని ఈమధ్య అదే మొక్క పేరు మార్చుకొని, చిన్న గాజు సీసాలో, కొరియరు అబ్బాయి చేతుల మీదుగా మన ఇంటి అలమరలోకే వస్తున్నది. దాని పేరిప్పుడు విజయ. మోకాళ్ళ నొప్పికి విజయ, నిద్రకు విజయ, క్యాన్సరుకు విజయ, బిడ్డ మూర్ఛకు కూడా విజయే! ఇంట్లో వేళకు మందులిచ్చే చేతులు మనవి గనుక, దీని మంచిచెడ్డలు మనకే ముందు తెలియాలి.

ప్రొద్దుటూరులో మా చిన్నమ్మకు జరిగిన సంగతితో మొదలుపెడతాను. నలుగురికీ చెప్పమని ఆమే అన్నది. చిన్నమ్మకు రొమ్ము క్యాన్సరు వచ్చి ఎముకలకు పాకింది. తిరుపతిలో వైద్యం. నొప్పికి డాక్టర్లు మార్ఫిన్ మాత్రలిచ్చి, నాలుగు గంటలకొకటి తప్పకుండా వేసుకోమన్నారు. అయితే మార్ఫిన్ అంటే నల్లమందు నుంచి తీసినదని ఎవరో చెవిలో వేశారు. అప్పటినుంచి ఆమెకు భయం పట్టుకొన్నది. “ఇవి మింగి మింగి అలవాటు పడిపోతానేమోమ్మా” అంటూ ఒక పూట వేసుకొని రెండు పూటలు మానేసేది. ఇంతలో దూరపు బంధువు ఒకతను ఫోనులో చూసి, డబ్బు కట్టి, విజయ నూనె సీసా తెప్పించిపెట్టాడు. చెట్టు మందే గదా, ఏం కాదన్నాడు.

దసరా రోజులు. అమ్మవారి శాలకు ఊరంతా కదిలిన రాత్రి. ఇంట్లో చిన్నమ్మా, ఆమె కూతురూ మాత్రమే ఉన్నారు. ఎనిమిదింటికి టీ స్పూనుతో సగం నూనె పాలల్లో కలుపుకొని తాగింది. గంట గడిచింది. “ఏంమ్మా, ఏం తెలీలేదే, ఇంగో సగం ఏసుకుంటా” అని మళ్ళీ తాగింది. పదకొండింటికి గుండె దడదడా కొట్టుకోవడం మొదలైంది. గోడలు దగ్గరికి వస్తున్నాయన్నది. బాత్రూముకని లేచి రెండడుగులు వేసి కూలబడింది. కూతురు భయపడి దగ్గరున్న ఆసుపత్రికి తీసుకెళ్తే, ఏం మందులు వాడుతున్నారని డాక్టరు అడిగాడు. ఈ పిల్ల తిరుపతి మందుల చీటీ చూపిందే గాని సీసా సంగతి చెప్పలేదు. గంజాయి పేరెత్తితే పోలీసు కేసవుతుందేమోనని భయం! పక్షవాతమేమోనని వాళ్ళు ఆ రాత్రికి రాత్రి కడపకు పంపారు. తలకు స్కాన్ తీశారు. అంతా సవ్యంగానే ఉంది. తెల్లవారి చిన్నమ్మ తేరుకొని తనే నోరు విప్పితే గాని అసలు సంగతి బయటపడలేదు.

ఆ రాత్రి జరిగిన పొరపాట్లు ఒకటి కాదు, నాలుగున్నాయి. అవేమిటో తెలియాలంటే ముందు మొక్క సంగతి చూడాలి.

ఒకే మొక్కకు మూడు రకాల వాడకాలున్నాయి. పూత, కాత ఉన్న కొసలు ఎండబెడితే గంజాయి. ఆ పూతకు అంటుకొన్న జిగురు తీస్తే చరస్. ఆకు నూరితే భంగు. గింజలు వేరే. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం ఈ భాగాలన్నిటినీ ఒక్కగాటన కట్టలేదు. గంజాయి, చరస్ నిషేధం. కొసలు కలవని ఒట్టి ఆకునూ, గింజనూ ఆ నిర్వచనంలో నుంచి విడిచిపెట్టారు. ఆకు మీద అజమాయిషీ రాష్ట్రాల ఆబ్కారీ చట్టాలది. అందుకనే కాశీలో, జైసల్మేరులో సర్కారు అనుమతితో భంగు దుకాణాలున్నాయి. అట్లాగని మన ఇంట్లో మనం ఆకు నూరుకోవచ్చునని కాదు. పెరట్లో కుండీలో ఒక్క గంజాయి మొక్క పెంచినా అది సాగు కిందికే వస్తుంది. పదేళ్ళదాకా జైలు వేయవచ్చు. కిలో లోపు గంజాయి దొరికినా ఏడాది వరకు శిక్ష ఉంది. తెలిసి ఇంట్లో ఆ పని జరగనిచ్చిన ఇంటివాళ్ళకూ శిక్ష ఉంది. “అమ్మా, ఇదీ మందేనంట” అని పొట్లం తెచ్చే కొడుకుంటే ఈ సంగతి చెప్పండి. పొగ పీల్చేది మందు కాదు. అందులో మోతాదు ఎంతో ఎవరికీ తెలియదు, పైగా ఊపిరితిత్తులకు చేటు.

మరి విజయ పేరుతో అమ్మే సీసా ఏమిటంటారా? ఆయుర్వేదంలో భంగుకు విజయ అన్న పేరు పాతదే. ఆకుతో చేసిన ఆయుర్వేద మందులు లైసెన్సు ఉన్న కంపెనీలు తయారుచేయవచ్చు. అయితే మన మందుల నిబంధనల్లో విషగుణం గల మూలికల పట్టిక ఒకటి ఉన్నది. ఉమ్మెత్త, నాభి, జీడిగింజలతో పాటు భంగు కూడా ఆ పట్టికలో ఉన్నది. లోపలికి తీసుకొనే మందులో ఆ పట్టికలోని వస్తువు ఉంటే, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఇంగ్లీషులోనూ హిందీలోనూ డబ్బా మీద అచ్చువేయాలి. “కాషన్” అనే మాటతో మొదలవుతుంది. ఆ మాట, లైసెన్సు నెంబరు, బ్యాచ్ నెంబరు, ఆఖరు తేదీ - ఈ నాలుగూ లేని సీసాను ఇంట్లోకి రానివ్వకండి. ఫోనులో చూసి కొన్నవాటికి ఇది ఇంకా ముఖ్యం. విదేశాల నుంచి ఎవరైనా పంపితే అది మరీ ప్రమాదం, మత్తు పదార్థం ఉన్న నూనె కస్టమ్స్‌లో దొరికితే కేసు మీ పేరునే.

ఇంకొక మోసం చెప్పి ముందుకు సాగుతాను. గింజల నూనె వేరు, ఆకు సారం వేరు. గింజలనూ, గింజల నూనెనూ తినే వస్తువులుగా 2021లో ఆహార భద్రతా సంస్థ ఒప్పుకొన్నది. ఉత్తరాఖండ్‌లో ఆ గింజలతో చట్నీ చేసుకొంటారు, మనం గురెళ్ళ పొడి చేసుకొన్నట్టు. మంచి పోషకాహారమే, కాని గింజల్లో మందు గుణం లేదనే చెప్పాలి. అలాంటి గింజల నూనెను అందమైన సీసాలో పోసి, నొప్పికి మందని వేలకు వేలు గుంజేవాళ్ళున్నారు. నొప్పి తగ్గకపోవడం ఒక నష్టం, ఆ నమ్మకంతో అసలు మందు మానేయడం రెండో నష్టం.

ఇప్పుడు మందు గుణం ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. ఈ మొక్కలో వందకు పైగా రసాయనాలున్నాయి. మనం గుర్తుపెట్టుకోవలసినవి రెండే. ఒకటి టీహెచ్‌సీ. మత్తు, ఆకలి, నిద్ర, కొంత నొప్పి నివారణ దీనివల్లనే. గుండెదడ, భయం, తూలడం కూడా దీనివల్లనే. రెండోది సీబీడీ. దీనికి మత్తు లేదు. కొన్ని రకాల మూర్ఛలకు పనిచేస్తుంది. టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు విడదీసి చూపారు. మన మెదడులోనే అట్లాంటి పదార్థం ఒకటి పుడుతున్నదని అదే బృందం 1992లో కనిపెట్టి, దానికి మన సంస్కృత పదం ‘ఆనందం’ నుంచి ఆనందమైడ్ అని పేరు పెట్టింది! నొప్పికీ, ఆకలికీ, నిద్రకూ, జ్ఞాపకానికీ సంబంధించిన తావుల్లో ఇది అందుకొనే తాళాలున్నాయి. గంజాయి రసం ఆ తాళాల్లో దూరే దొంగ తాళపుచెవి అన్నమాట. అందుకనే ఒక్క నొప్పిని మాత్రమే తాకి ఊరుకోదు.

మింగిన మందు ఆలస్యంగా ఎక్కుతుంది. అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియదు. రెండు, నాలుగు గంటల మధ్య ఉద్ధృతంగా ఉంటుంది. ఆరెనిమిది గంటలు, ఒక్కొక్కరికి ఇంకా పైన కూడా నిలుస్తుంది. పైగా కాలేయం దాన్ని మరింత బలమైన పదార్థంగా మారుస్తుంది. నేతితో, పాలతో, నూనె ఎక్కువున్న భోజనంతో తీసుకొంటే ఒంటికి ఎక్కువ పడుతుంది. చిన్నమ్మ మొదటి పొరపాటు ఇదే. గంటకు ఏమీ కాలేదని రెండోసారి వేసుకొన్నది. మొదటిది అప్పుడే బయలుదేరింది!

రెండోది మోతాదు. ఆ సీసా నేను తెప్పించుకొని చూశాను. 30 మిల్లీలీటర్లు, సారం 1000 మిల్లీగ్రాములు అని ఉంది. అందులో టీహెచ్‌సీ ఎంతో రాయలేదు. మనం వంటింటి లెక్క వేద్దాం. 1000ని 30తో భాగిస్తే మిల్లీలీటరుకు 33 మిల్లీగ్రాములు. టీ స్పూనుకు 5 మిల్లీలీటర్లు, సగం స్పూనుకు రెండున్నర. అంటే ఒక విడతకు దాదాపు 83 మిల్లీగ్రాములు. అందులో పావు వంతే టీహెచ్‌సీ అనుకొన్నా 20 మిల్లీగ్రాములు దాటింది. అనుభవమున్న డాక్టర్లు మొదటిసారి రెండున్నర మిల్లీగ్రాములకు మించనివ్వరు, ముసలివాళ్ళకు ఇంకా తగ్గిస్తారు. చిన్నమ్మ ఒక్క విడతకు ఎనిమిది రెట్లు తాగింది. రెండు విడతలకు పదహారు రెట్లు!

కాబట్టి సారం ఎంత అని కాదు, అందులో టీహెచ్‌సీ ఎన్ని మిల్లీగ్రాములు, సీబీడీ ఎన్ని మిల్లీగ్రాములు అని విడివిడిగా అడగండి. చెప్పలేని కంపెనీ మందు వద్దు. స్పూనుతో, మూతతో కొలవకండి. నూనె చుక్క ఒక్కోసారి ఒక్కో పరిమాణంలో పడుతుంది. మెడికల్ షాపులో సూది లేని 1 మిల్లీలీటరు సిరంజి కొద్ది రూపాయలకే దొరుకుతుంది. దాని మీది చిన్న గీతలు మీకు స్పష్టంగా కనబడతాయి.

ఒకే మోతాదు అందరికీ ఒకటిగా ఉండదన్న సంగతి కొత్తదేమీ కాదు. ఈ మొక్కను పాశ్చాత్య వైద్యంలోకి తీసుకెళ్ళిన డాక్టరు ఓషానెస్సీ కలకత్తా వైద్య కళాశాలలో పనిచేసేవాడు. 1838లో ముగ్గురు కీళ్ళవాతం రోగులకు తలా ఒక గ్రెయిను గంజాయి జిగురు, ఒకే వేళకు, మధ్యాహ్నం రెండింటికి ఇప్పించాడు. నాలుగింటికి ఒకడు గలగలా మాట్లాడుతూ, పాటలు పాడుతూ, అన్నం ఇంకా పెట్టమని అరుస్తున్నాడు. మిగతా ఇద్దరికీ ఏమీ లేదు. ఆరింటికి మొదటివాడు నిద్రలోకి జారుకొంటున్నాడు. ఎనిమిదింటికి అతని స్థితి వింతగా, భయం గొల్పేట్టు ఉన్నదని ఆసుపత్రి నుంచి డాక్టరు గారికి ఉన్నపళంగా కబురు వచ్చింది. ఆ మనిషి తర్వాత తేరుకొన్నాడు. ఆసుపత్రి మంచం మీద, మనిషి పక్కనే ఉండగా జరిగింది గనుక సరిపోయింది. ఒంటరిగా ఇంట్లో ఉండి, మేడమెట్లు దిగుతుంటే?

ఇంతకీ ఈ మందు నిజంగా దేనికి పనికొస్తుంది? క్యాన్సరు సూదులు వేసిన తర్వాత వచ్చే వాంతులు మామూలు మందులకు లొంగకపోతే పనికొస్తుంది. అమెరికాలో టీహెచ్‌సీతో చేసిన మాత్రకు ఇందుకోసమే 1985లో అనుమతి ఇచ్చారు. నరాల జబ్బులో కండరాలు బిగుసుకుపోయే బాధకు నోట్లో చిమ్మే మందుకు బ్రిటనులో 2010లో అనుమతి దొరికింది. బహుకాలపు నొప్పికి కొందరిలో కొంత ఉపశమనం. ‘కొంత’ అన్న మాట గమనించండి. నొప్పి వైద్యుల అంతర్జాతీయ సంఘం 2021లో ఈ మందులను నొప్పికి సిఫార్సు చేయలేమని ప్రకటించింది. అదే ఏడు మరికొందరు నిపుణులు, మిగతా మందులన్నీ చూసిన తర్వాత, పొగ రూపంలో కాకుండా, ప్రయత్నించి చూడవచ్చునన్నారు. రెండూ పెద్దల మాటలే. మనకు తేలిందేమిటంటే, ఇది మొదట వాడే మందు కాదు. క్యాన్సరును కరిగిస్తుందన్న మాట మాత్రం శుద్ధ అబద్ధం. మనుషుల్లో అట్లా రుజువైంది లేదు. ఆ మాట నమ్మి తిరుపతి, వేలూరు వైద్యం మానేసి నూనె పట్టుకొంటే చేతులారా కాలం పోగొట్టుకొన్నట్టే.

చిన్నమ్మ మూడో పొరపాటు, మార్ఫిన్ మానేయడం. అమ్మా, ఇది మన ఇళ్ళల్లో మరీ ఎక్కువ. క్యాన్సరు నొప్పికి లెక్కప్రకారం, వేళప్రకారం ఇచ్చే మార్ఫిన్ మనిషిని మత్తుకు బానిసను చేయదు. ఆ భయం ఎంత ఉండేదంటే, మన దేశంలో చట్టమే చాలా ఏళ్ళు దాన్ని రోగికి దూరంగా ఉంచింది. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో రోగికి అందేట్టు చేశారు. దాన్ని ఒక్కసారిగా మానేస్తే నొప్పి రెట్టింపుగా తిరగబడుతుంది, ఒళ్ళు చెమటలు, వణుకు. మార్ఫిన్‌తో మలబద్ధకం మాత్రం తప్పదు. దానికి విరేచనాల మందు మొదటిరోజు నుంచే అడిగి తీసుకోండి. మా చిన్నమ్మ మాత్రలు ఎగ్గొట్టడానికి సగం కారణం ఆ మలబద్ధకమే. ఎవరికీ చెప్పుకోలేక ఊరుకొన్నది.

నాలుగోది దాచిపెట్టడం. నా దృష్టిలో అన్నిటికంటె పెద్దది ఇదే. ఈ మందు ఇతర మందులతో తగాదా పెట్టుకొంటుంది. రక్తం పలుచబడడానికి వాడే వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం కావచ్చు. నిద్రమాత్రలతో, మార్ఫిన్‌తో, సారాయితో కలిస్తే మత్తు ఒకటికి రెండవుతుంది. బీపీ మాత్రలు వేసుకొనేవాళ్ళు లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ఈ సంగతులు చూసుకోవలసిన డాక్టరుకు మందు ఉన్నదనే తెలియకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు? మీరు మందు సంగతి చెప్పింది వైద్యం కోసం. రోగి చికిత్సకు వచ్చినప్పుడు డాక్టరు చూసేది ప్రాణం. లైసెన్సు ఉన్న మందు, చీటీ, బిల్లు మీ దగ్గరుంటే భయపడవలసిన పనే లేదు. ఆ మూడూ ఒకే సంచీలో పెట్టుకోండి. ఆసుపత్రికి పోయినప్పుడల్లా సంచీ వెంట తీసుకుపొండి.

జమ్మలమడుగు నుంచి ఒక సోదరి తన అత్తగారి సంగతి చెప్పింది. నిద్ర పట్టదని, మోకాళ్ళు పీకుతున్నాయని జాతరలో మూలికలవాడి దగ్గర నల్లటి లేహ్యం కొన్నారట. గోలీకాయంత మింగితే కమ్మగా నిద్ర. పది రోజులకు గోలీ పెరిగి నిమ్మకాయంత అయింది. కోడలు దాచిపెడితే ఆ రాత్రంతా జాగారం, ఒకటే చిరాకు, అన్నం సయించదు. తీపి పాకంలో భంగు వేసి లేహ్యాలు చేయడం మన దేశంలో పాత అలవాటే. గ్రంథాల్లో ఉన్న జాతీఫలాది చూర్ణంలో కూడా జాజికాయతో పాటు భంగు గణనీయంగానే ఉంటుంది. దాన్ని వైద్యులు గ్రహణికీ, విరేచనాలకూ ఇస్తారు, రోజులు లెక్కపెట్టి ఇస్తారు. జాతర లేహ్యానికి లెక్క ఎక్కడిది? ఈ మందు వాడేవాళ్ళలో సుమారు పదిమందికొకరు దానికి అలవాటు పడతారు. మోతాదు పెంచుకొంటూ పోవడం దాని మొదటి గుర్తు. ఆమెకు నేను చెప్పింది, మిగిలిన లేహ్యం పారేయకుండా డాక్టరుకు చూపించి, ఆయన సలహాతో తగ్గించుకొంటూ రమ్మని. ఇట్లాంటి అలవాట్ల విషయంలో సలహాకు 14446 నెంబరుకు ఫోను చేయవచ్చు, డబ్బులు పడవు.

పులివెందుల తల్లి ప్రశ్న వేరు. ఆరేళ్ళ బిడ్డకు మూర్ఛలు. రెండు రకాల మందులు వాడుతున్నా ఆగడం లేదు. సీబీడీ నూనె వేస్తే తగ్గుతుందని ఫోనులో చూసిందట. ఆమె విన్నది పూర్తిగా అబద్ధం కాదు. చిన్నపిల్లల్లో వచ్చే రెండు మొండి మూర్ఛ జబ్బులకు శుద్ధిచేసిన సీబీడీ మందును అమెరికా 2018లో ఆమోదించింది. కాని అక్కడ దాన్ని బిడ్డ బరువు చూసి ఇస్తారు. కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారానికి 10కి పెంచుతారు. 15 కిలోల బిడ్డకు 10 చొప్పున అంటే రోజుకు 150 మిల్లీగ్రాములు. మనం చూసిన 1000 మిల్లీగ్రాముల సీసా అంతా సీబీడీయే అనుకొన్నా ఏడు రోజులకు సరిపోదు. రోజూ రెండు చుక్కలు వేస్తే జబ్బుకు ఆనదు. ఆనాలని పోస్తే అందులోని టీహెచ్‌సీ బిడ్డ మెదడుకు పోతుంది. పైగా మూర్ఛకు మన దగ్గర ఎక్కువగా వాడే క్లోబజామ్‌తో కలిస్తే బిడ్డ మత్తుగా పడిపోతుంది, వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే కాలేయం మీద దెబ్బ. అసలు మందు మానేసి దీన్ని పట్టుకొంటే మూర్ఛ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి తెస్తుంది. బిడ్డల మూర్ఛకు ఈ మందు సంగతి నరాల డాక్టరు తప్ప ఇంకెవరూ తేల్చకూడదు. ఆ తల్లిని మందుల చీటీలన్నీ, మూర్ఛ వచ్చినప్పుడు ఫోనులో తీసిన వీడియోలతో సహా, పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళమన్నాను. చాలామంది పిల్లలకు మందు మార్చడంతోనో, మోతాదు సరిచేయడంతోనో ఆగుతాయి.

ఎవరు దీని జోలికే పోకూడదో కూడా చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వద్దు, టీహెచ్‌సీ పాలల్లోకి దిగుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా మతి చలించిన జబ్బు ఉన్నవాళ్ళు, పాతికేళ్ళ లోపు పిల్లలు వద్దు. మందు వేసుకొన్న రోజు స్కూటరు నడపకూడదు. పొయ్యి దగ్గర కూడా జాగ్రత్త.

వైద్యుడు చూసి, సరేనని ఇచ్చిన సందర్భమైతే మొదటి మోతాదు రాత్రి పడుకోబోయే ముందు వేయండి. అదీ ఇంట్లో ఇంకొకరు ఉన్న రోజున. మంచం పక్కన చెంబుతో నీళ్ళు, చిన్న దీపం, బాత్రూముకు వెళ్ళేప్పుడు పట్టుకోవడానికి మనిషి. ఏమీ తెలియకపోయినా ఆ రాత్రికి మళ్ళీ వేయకూడదు. పెంచాలంటే రెండు మూడు రోజులు ఆగి, అదీ వైద్యుణ్ణి అడిగి, కొంచెం కొంచెంగా. సీసా బీరువాలో తాళం వేసి పెట్టండి. తీపి పాకంలో ఉన్న మందును పసిపిల్లలు మిఠాయి అనుకొంటారు. పిల్లలకు కొంచెమైనా చాలు, నిలబడలేక తూగుతారు, ఊపిరి మందగించవచ్చు. పసిబిడ్డ మింగితే క్షణం ఆలస్యం లేకుండా 108 పిలవండి. పెద్దవాళ్ళకు మోతాదు మించి భయం, దడ మాత్రమే అయితే వెలుతురు తగ్గించి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, తోడు కూర్చోండి. కొన్ని గంటలకు దిగుతుంది. గుండెలో నొప్పి వచ్చినా, పిలిస్తే పలకకపోయినా ఆసుపత్రికే. చింతపండు రసం, మజ్జిగ పోస్తే దిగుతుందని పెద్దవాళ్ళంటారు. మత్తులో ఉన్న మనిషి నోట్లో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ పని చేయకండి.

చిన్నమ్మను ఆ తర్వాత తిరుపతికి తీసుకుపోయినప్పుడు నేనూ వెళ్ళాను. సీసా ముందు పెట్టి జరిగిందంతా చెప్పాం. డాక్టరమ్మ కోప్పడలేదు. సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, “నొప్పి ఇంత ఉంటే నాకెందుకు చెప్పలేదమ్మా?” అని అడిగింది. మార్ఫిన్ మోతాదు సరిచేసి, రాత్రివేళకు వేరే ఏర్పాటు చేసి, విరేచనాల మందు రాసింది. నూనె ఇప్పుడే వద్దు, వాంతులు ఆగకపోతే అప్పుడు ఆలోచిద్దామన్నది. ఒక నోటు పుస్తకం కొనుక్కొని నొప్పి ఎన్నింటికి వచ్చింది, సున్నా నుంచి పది దాకా ఎంత ఉన్నది, ఏ మాత్ర ఎప్పుడు వేసుకొన్నది రాసిపెట్టమన్నది. చిన్నమ్మకు చదువు అంతంతమాత్రం. అందుకని కూతురు గీతలు గీసి ఇచ్చింది. నొప్పి ఎన్ని పాళ్ళుంటే అన్ని చుక్కలు పెడుతుంది. మొదటి వారం పేజీ నిండా చుక్కలే. మొన్న నేను చూసిన పేజీలో రాత్రి గడులకు రెండేసి, మూడేసి చుక్కలున్నాయి. వచ్చే నెల తిరుపతికి పోయేటప్పుడు ఆ పుస్తకం మందుల సంచీలోనే పెట్టి ఉంచింది.